దొడ్డితలుపు ఎవరికోసం తీసిపెట్టాం?

"దాచుకోవడానికి నీ దగ్గర అంతగా ఏముందిరా? ప్రభుత్వం చూస్తే చూడనీ. దేశం భద్రంగా ఉండటం ముఖ్యమా, నీ చాటింగు ముఖ్యమా?"

ఈ మాట అన్నవాడు నా చిన్ననాటి స్నేహితుడు. మెసేజింగ్ యాప్‌ల ఎన్‌క్రిప్షన్‌లో, అంటే పంపినవాడూ అందుకున్నవాడూ తప్ప ఎవరూ చదవకుండా సందేశానికి వేసే తాళంలో, పోలీసుల కోసం ఒక దారి ఉంచాలా వద్దా అన్న దగ్గర మొదలైంది మా వాదన. రాత్రి పొద్దుపోయేదాకా సాగి, ఇద్దరం గొంతు పెంచుకుని, తర్వాత రెండు రోజులు మాట్లాడుకోలేదు. నేను సర్వర్లకు కాపలా కాసే ఉద్యోగంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. వాడి ప్రశ్న నాకు కొత్తేమీ కాదు. నిజం చెప్పాలంటే ఒకప్పుడు నేనే అందరినీ అలా అడిగేవాణ్ణి. ఫోన్‌లో చెప్పలేక మింగేసిన జవాబును ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

వాడు ఒక తక్కెడను ఊహించుకుంటున్నాడు. ఒక పళ్లెంలో దేశ భద్రత, రెండో పళ్లెంలో నా గోప్యత. ఇటు కాస్త తగ్గిస్తే అటు పెరుగుతుందని వాడి లెక్క. గత 20 ఏళ్లలో జరిగిన దాడులను వరసగా చూస్తే నాకు కనబడేది వేరు. మనవాళ్లు మనల్ని చూడటానికి ఉంచుకున్న దారిలోంచే చాలాసార్లు శత్రువు లోపలికి వచ్చాడు. మనవాళ్లు ఎప్పుడైనా పనికొస్తుందని మూటగట్టి దాచుకున్న కన్నంలోంచే మిగతాసార్లు వచ్చాడు.

ముందు ఈ 'హైబ్రిడ్ యుద్ధం' అన్న పేరు గురించి ఒక మాట. సైన్యం, కంప్యూటర్ దాడి, అబద్ధపు ప్రచారం, కరెంటు తీసేయడం, సముద్రంలో కేబుల్ తెంపడం, ఇవన్నీ కలగలిపి, యుద్ధం ప్రకటించకుండానే ఎదుటి దేశాన్ని కుదేలు చేయడాన్ని అలా అంటున్నారు. అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన ఫ్రాంక్ హాఫ్‌మన్ 2007లో రాసిన పత్రంతో ఆ మాట బాగా పాకింది. ఆ తర్వాత రష్యా సైన్యాధిపతి గెరాసిమోవ్ 2013లో ఒక వ్యాసం రాస్తే, బ్రిటిష్ పరిశోధకుడు మార్క్ గాలియోటి దానికి 'గెరాసిమోవ్ సిద్ధాంతం' అని పేరు పెట్టాడు. శీర్షిక ఆకర్షణగా ఉంటుందని పెట్టిన పేరు. అది సైనిక పాఠాల్లోకీ పత్రికల్లోకీ ఎక్కి కూర్చుంది. అసలు అలాంటి సిద్ధాంతమేదీ లేదని, తనదే పొరపాటని 2018లో ఆయనే బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. కాబట్టి ఈ రంగంలో పెద్ద పెద్ద పేర్లు వినబడగానే నేను కాస్త జాగ్రత్త పడతాను. పేర్లు వదిలేసి జరిగిన పనులు చూద్దాం.

గ్రీస్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కథ తెలిసినవాళ్లు తక్కువ. 2004 ఆగస్టు, ఏథెన్స్‌లో ఒలింపిక్స్. సరిగ్గా అప్పుడే వొడాఫోన్ గ్రీస్ నెట్‌వర్క్‌లోని టెలిఫోన్ స్విచ్‌లలోకి ఎవరో దూరారు. ఆ స్విచ్‌లు ఎరిక్సన్ తయారుచేసినవి. కోర్టు అనుమతితో పోలీసులు ఫోన్లు వినడానికి వీలుగా ఒక ఏర్పాటు వాటి సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. వొడాఫోన్ ఆ సౌకర్యాన్ని కొనలేదు. అయినా ఒక అప్‌గ్రేడ్‌తో పాటు, మాటలను చీల్చి రెండో ఫోన్‌కు పంపే భాగం లోపలికి వచ్చేసింది. ఎవరి ఫోన్ వింటున్నారో, ఎవరి అనుమతితో వింటున్నారో లెక్క రాసే భాగం మాత్రం రాలేదు. అంటే తలుపు బిగించారు, కాపలావాడిని పెట్టలేదు. వచ్చినవాళ్లు ఆ తలుపునే వాడుకున్నారు. కొత్తగా ఏదీ పగలగొట్టాల్సిన అవసరమే రాలేదు వాళ్లకు.

విన్నది ఎవరిని? ప్రధాని కొస్తాస్ కరమన్లిస్‌ను. ఆయన భార్యను. రక్షణ, విదేశాంగ, న్యాయశాఖల మంత్రులను. ఏథెన్స్ మేయర్‌ను. మొత్తం సుమారు 100 ఫోన్లు. వాళ్ల మాటలు ఎప్పటికప్పుడు 14 ప్రీపెయిడ్ ఫోన్లకు చేరిపోయేవి. నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. 2005 జనవరిలో దొంగలు తమ సాఫ్ట్‌వేర్‌ను తామే అప్‌డేట్ చేసుకోబోయి ఏదో తప్పు చేశారు. కొందరి ఎస్సెమ్మెస్‌లు చేరడం ఆగిపోయింది. ఆ ఫిర్యాదు మీద తవ్వుకుంటూ పోతే మార్చిలో అసలు విషయం బయటపడింది. (అప్‌డేట్ పెట్టి ఏదో ఒకటి చెడగొట్టుకోవడం ప్రపంచంలో ఎవరికైనా తప్పదన్నమాట.) ఆ దొంగ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ ఆదరాబాదరాగా తీసేయించింది. దాంతో వచ్చినవాళ్లను పట్టుకునే అవకాశం చేజారింది. మర్నాడే, ఆ కంపెనీలో నెట్‌వర్క్ ప్రణాళికలు చూసే ఇంజినీరు ఇంట్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. దేశానికి ఈ సంగతి తెలిసింది 2006 ఫిబ్రవరిలో.

పోలీసులకు ఉండాలిగా అన్న ఒక ఏర్పాటు, దేశ ప్రధాని గొంతును పరాయివాళ్ల చేతిలో పెట్టింది. మా వాడికి ఈ కథ చెప్తే, "అదెప్పుడో 20 ఏళ్ల కిందటి మాట, అప్పటికి ఎవరికీ ఏమీ తెలీదు" అంటాడు.

సరే, 2024కే వద్దాం. ఆ ఏడాది చివర్లో అమెరికా టెలికాం కంపెనీల్లోకి చైనా హ్యాకర్లు దూరి ఉన్నారని బయటపడింది. ఆ ముఠాకు 'సాల్ట్ టైఫూన్' అని పేరు పెట్టారు. చైనా ఆ ఆరోపణను కొట్టిపారేసింది. అమెరికాలో 1994 నాటి చట్టం ఒకటి ఉంది. పోలీసులు కోర్టు ఉత్తర్వు తెస్తే ఫోన్లు వినడానికి వీలుగానే నెట్‌వర్క్‌లు కట్టాలని అది కంపెనీలను ఆదేశిస్తుంది. చట్టం వస్తున్న రోజుల నుంచీ భద్రతా నిపుణులు మొత్తుకుంటూనే ఉన్నారు, ఈ ద్వారం మీదొక్కరిదే కాబోదని. ముప్ఫై ఏళ్లకు అదే జరిగింది. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్న రికార్డులు పోయాయి. ప్రభుత్వంలో, రాజకీయాల్లో ఉన్న కొందరి సంభాషణలు పోయాయి. పోలీసుల విన్నపాల మీద సేకరించిన సమాచారం కూడా కాపీ అయిందని ఎఫ్‌బీఐ స్వయంగా ప్రకటించింది. ఈ చివరిది ఎంత పెద్ద దెబ్బో ఒక్క క్షణం ఆలోచించండి. మీ పోలీసులు ఎవరి మీద నిఘా పెట్టారో పరాయి గూఢచారికి తెలిస్తే, తనవాళ్లలో ఎవరు దొరికిపోయారో, ఎవరింకా క్షేమమో వాడికి జాబితా చేతికిచ్చినట్టే.

ఆ డిసెంబరులో అమెరికా సైబర్ భద్రతా అధికారులు ప్రజలకు ఒక సలహా ఇచ్చారు. వీలైనంతవరకు ఎన్‌క్రిప్షన్ ఉన్న మెసేజింగ్ యాప్‌లనే వాడండి అని. పక్కన కూర్చుని అదే మాట చెప్పినవాళ్లలో ఎఫ్‌బీఐ అధికారి కూడా ఉన్నారు. 2016లో ఒక ఐఫోన్ తాళం తీసిపెట్టమని యాపిల్‌ను కోర్టుకీడ్చిన సంస్థ అది. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది.

మధ్యలో 2015లో బయటపడిన, జూనిపర్ అనే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ కథ ఒకటుంది. వాళ్ల ఫైర్‌వాల్ పరికరాల్లో తాళాలకు కావలసిన అంకెలను పుట్టించడానికి వాడిన పద్ధతి, అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ పట్టుబట్టి ప్రమాణంగా చేయించినది. అందులో దొడ్డిదారి ఉండొచ్చని 2007లోనే గణితవేత్తలు ఎత్తిచూపారు. ఎవరో గుర్తుతెలియనివాళ్లు జూనిపర్ సోర్సు కోడ్‌లోకి చొరబడి, అందులోని ఒక్క సంఖ్యను మార్చేశారు. అంతే. ఎవరో కట్టిన దొడ్డితలుపుకు పాత తాళం పీకి తమ తాళం వేసుకున్నారు.

ఇంతవరకు చెప్పింది కట్టిన తలుపుల సంగతి. రెండో రకం, దాచిన కన్నాలు. సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసినవాడికే తెలియని లోపం దొరికితే గూఢచార సంస్థకు అది బంగారం. కంపెనీకి చెప్తే కన్నం పూడిపోతుంది, అందరూ క్షేమం. చెప్పకపోతే ఎదుటివాడి ఇంట్లో దూరడానికి పనికొస్తుంది. కానీ ఎదుటివాడూ మనమూ వాడేది ఒకే విండోస్, ఒకే ఫోన్, ఒకే రౌటర్. వాడి గోడకున్న కన్నం మన గోడకూ ఉంటుంది. పాతకాలపు ఫిరంగికీ ఈ ఆయుధానికీ అసలు తేడా ఇదే అనుకుంటాను. ఫిరంగిని మన కోటలో దాచుకుంటే మన గోడ పలచబడేది కాదు.

2017 ఏప్రిల్‌లో 'షాడో బ్రోకర్స్' అనే ముఠా, ఎన్‌ఎస్‌ఏ దగ్గరినుంచి దొంగిలించిన ఆయుధాలంటూ ఒక మూటను ఇంటర్నెట్‌లో గుమ్మరించింది. అందులో 'ఎటర్నల్ బ్లూ' ఒకటి. పాత విండోస్ యంత్రాలు ఫైళ్లు పంచుకునే పద్ధతిలోని లోపాన్ని పట్టుకుని, ఎవరూ దేన్నీ క్లిక్ చేయకుండానే లోపలికి దూరే కోడ్. మైక్రోసాఫ్ట్ ఒక నెల ముందే, మార్చి 14న, ఆ కన్నం పూడ్చే ప్యాచ్ విడుదల చేసింది. కాని ప్యాచ్ రావడం వేరు, వేయడం వేరు. మే 12, శుక్రవారం, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే 'వానాక్రై' వైరస్ ఆ కన్నంలోంచే వచ్చింది. 150 దేశాలు. ఇంగ్లండ్‌లో 236 ఆసుపత్రి ట్రస్టులుంటే కనీసం 81 దెబ్బతిన్నాయి, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, అంబులెన్సులను దారి మళ్లించారు. తర్వాత అమెరికా, బ్రిటన్ వేలెత్తి చూపింది ఉత్తర కొరియా వైపు. అమెరికా దాచుకున్న కన్నంలోంచి ఉత్తర కొరియా ఇంగ్లండ్ ఆసుపత్రుల్లోకి వెళ్లింది! అమెరికా సైన్యం దగ్గర టొమహాక్ క్షిపణులు చోరీ అయితే ఎలా ఉంటుందో ఇది అలాంటిదని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ అప్పట్లో మండిపడ్డాడు.

ఆ శుక్రవారం రాత్రి నేను నిద్రపోలేదు. మార్చిలో వచ్చిన ప్యాచ్‌ను మా బృందం రెండు నెలలు పక్కన పెట్టింది. సర్వర్లు ఆపితే పని ఆగుతుంది, ఈ నెలాఖరు దాటాక చూద్దాం అని. ఆ 'చూద్దాం' అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. తెల్లవార్లూ ఒక్కో యంత్రానికి ప్యాచ్ వేస్తూ, రీస్టార్ట్ కొట్టిన ప్రతిసారీ స్క్రీన్ మీద ఎర్ర పెట్టె వస్తుందేమోనని టెన్షన్‌తో చూస్తూ గడిపాం. మాకు ఏమీ కాలేదు. అందులో మా గొప్ప ఏమీ లేదు. మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల బ్రిటిష్ కుర్రాడు ఆ వైరస్ కోడ్‌లో ఒక వింత వెబ్ చిరునామా చూశాడు. పదీ పదకొండు డాలర్లు పెట్టి దాన్ని తన పేర రిజిస్టర్ చేశాడు. ఆ చిరునామా పలికితే వైరస్ తనంతట తాను ఆగిపోయేలా రాసి ఉంది. అదే మమ్మల్ని కాపాడింది. దేశాల భద్రతా వ్యవస్థలన్నీ కలిసి చేయలేని పని అలా జరిగింది. అప్పటినుంచే నా అభిప్రాయం మారడం మొదలైంది.

ఏడు వారాలు తిరక్కుండా, జూన్ 27న, అదే ఎటర్నల్ బ్లూ మళ్లీ వచ్చింది. ఈసారి 'నాట్‌పెట్యా'. ఉక్రెయిన్ వ్యాపారులు పన్ను లెక్కలకు వాడే ఎం.ఇ.డాక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాన్ని దాచారు. డబ్బు అడిగే వైరస్‌లా వేషం వేసింది గానీ, అసలు పని డేటాను తిరిగిరాకుండా తుడిచేయడం. గురి ఉక్రెయిన్. కాని వైరస్‌కు సరిహద్దులు తెలియవు. ఆ దేశంలో ఆఫీసున్న ఎన్నో విదేశీ కంపెనీల్లోకీ పాకింది. మందుల కంపెనీ మెర్క్, ఓడల కంపెనీ మేర్స్క్, చివరికి రష్యా సొంత చమురు సంస్థ రాస్‌నెఫ్ట్ కూడా! మొత్తం నష్టం 1,000 కోట్ల డాలర్లని వైట్‌హౌస్ అంచనా. 2018 ఫిబ్రవరిలో బ్రిటన్, అమెరికా ఇది రష్యా సైన్యం పనేనన్నాయి, రష్యా కాదంది.

మేర్స్క్ సంగతి వింటే నాలాంటి ఉద్యోగికి ఒళ్లు జలదరిస్తుంది. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ మొదటినుంచి కట్టుకొచ్చారు. కట్టడానికి ఒక మూలం కావాలి కదా. కంపెనీలో ఎవరు ఎవరో, ఎవరికి ఏ గదిలోకి అనుమతి ఉందో చెప్పే డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతా పెట్టుకున్నారు. అవి ఒకదాని నకలు ఇంకొకటి కాబట్టి అన్నీ పోయేదాకా ఫరవాలేదనుకున్నారు. అన్నీ ఒకేసారి పోయాయి. ఒక్కటి మిగిలింది, ఘనాలో. దాడి సమయానికి అక్కడ కరెంటు పోయింది. కరెంటు కోత పుణ్యాన ప్రపంచంలోనే అతిపెద్ద ఓడల కంపెనీల్లో ఒకటి లేచి నిలబడింది.

నష్టపరిహారం కోసం మెర్క్ తన బీమా కంపెనీలను 140 కోట్ల డాలర్లు అడిగితే, వాళ్లు ఇది యుద్ధచర్య, పాలసీలో యుద్ధానికి మినహాయింపు ఉంది, ఇవ్వం పొమ్మన్నారు. న్యూజెర్సీ కోర్టులు ఆ వాదనను ఒప్పుకోలేదు. 2023లో అప్పీలు కోర్టు కూడా, పాలసీలో రాసుకున్న 'యుద్ధం' మాట సైనిక చర్య గురించేనని, ఈ మినహాయింపు దీనికి చెల్లదని చెప్పింది. చివరికి 2024 జనవరిలో రాజీ. ఈలోపు లండన్‌లోని లాయిడ్స్ బీమా మార్కెట్, ప్రభుత్వాలు వెనకుండి చేయించే దాడులను సైబర్ పాలసీల నుంచి మినహాయించాలని తన సభ్యులను ఆదేశించింది. హైబ్రిడ్ యుద్ధం అంటే ఏమిటో సైనిక మేధావులు నిర్వచించలేకపోయారు గానీ, బీమా గుమస్తాలు చెల్లించక్కర్లేని ఖర్చుగా చక్కగా నిర్వచించారు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. దాచుకున్న కన్నాలు అసలు పనికి రాలేదని కాదు. ఇరాన్‌లోని నతాంజ్‌లో యురేనియం శుద్ధిచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాలను 'స్టక్స్‌నెట్' అనే వైరస్ దాదాపు 1,000 దాకా పాడుచేసిందని లెక్క. అందులో విండోస్‌కు సంబంధించిన నాలుగు రహస్య లోపాలను వాడారు. బాంబు వేయకుండా, ఒక్క మనిషినీ చంపకుండా జరిగిన పని అది. దీన్ని నేను తీసిపారేయను. స్విట్జర్లాండ్‌కు చెందిన క్రిప్టో ఏజీ అనే కంపెనీ సంగతీ అంతే. అది రహస్య సందేశాల యంత్రాలను ప్రపంచదేశాలకు అమ్మేది. 1970 నుంచి దాన్ని గుట్టుగా నడిపింది సీఐఏ, పశ్చిమ జర్మనీ గూఢచార సంస్థ. దశాబ్దాలపాటు ఎన్నో దేశాల రహస్యాలు చదివారు. దొడ్డితలుపు కట్టినవాడికే లాభం చేసిన సందర్భాలు ఉన్నాయి. అయితే ఆ యంత్రాలను కట్టినవాడు తాను వాడేవాడు కాదు, ఎదుటివాడికి అమ్మేవాడు. ఇప్పుడు అలా విడదీయడం కుదరదు. స్టక్స్‌నెట్ కూడా నతాంజ్ గోడలు దాటి ప్రపంచమంతా తిరిగింది. 2010లో బెలారస్‌లోని ఒక చిన్న యాంటీవైరస్ కంపెనీ కంట పడింది. ఆ తర్వాత అందులోని ఒక లోపాన్ని మామూలు నేరగాళ్లు కూడా తమ వైరస్‌లలో వాడుకున్నారు.

గూఢచార సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల వల్ల ఈ ముప్పు ఇంకా పెరిగింది. ఇజ్రాయెల్ సంస్థ ఎన్‌ఎస్‌వో తయారుచేసిన పెగాసస్ 2019లో వాట్సాప్ కాల్ ద్వారా దూరేది, ఫోన్ ఎత్తాల్సిన అవసరం కూడా లేదు. అలా దాదాపు 1,400 ఫోన్లు గురయ్యాయని వాట్సాప్ కోర్టుకెక్కింది. తాము ప్రభుత్వాలకే అమ్ముతామని, నేరస్తుల మీదే వాడతారని ఎన్‌ఎస్‌వో వాదన. సరే, ఆ మాటే నమ్ముదాం. అమ్మిన సాఫ్ట్‌వేర్ ప్రభుత్వం చేతిలోనే ఉండొచ్చు, అది దూరే కన్నం మాత్రం అందరిదీ. 2024 ఆగస్టులో గూగుల్ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. మంగోలియా ప్రభుత్వ వెబ్‌సైట్లలో రష్యా గూఢచారులదిగా భావించే ముఠా ఒకటి ఉచ్చు పన్నింది. అందులో వాడిన కోడ్, ఎన్‌ఎస్‌వో, ఇంటెలెక్సా అనే రెండు గూఢచార సాఫ్ట్‌వేర్ వ్యాపారులు అంతకుముందు వాడిన కోడ్‌తో అచ్చుగుద్దినట్టో, దాదాపు అలాగో ఉంది. ఆ కోడ్ వాళ్లకెలా చేరిందో గూగుల్ చెప్పలేదు. కొన్నారో, దొంగిలించారో. నాకు ఆ వివరం కంటే చేరిందన్న సంగతే ముఖ్యం.

మా వాడు ఇక్కడ అడ్డు తగులుతాడు. "ఇవన్నీ పెద్ద పెద్ద ప్రభుత్వాల గొడవలు. మామూలు మనిషి ఇంట్లో ఏముంటుందిరా శత్రువుకి?"

కెమెరా ఉంటుంది. 2024 జనవరి 2న కీవ్ మీద రష్యా క్షిపణులు, డ్రోన్లు కురిపించింది. ఆ దాడికి సాయపడేలా నగరంలోని రెండు కెమెరాలను హ్యాక్ చేశారని ఉక్రెయిన్ భద్రతా సంస్థ ప్రకటించింది. ఒకటి ఒక అపార్టుమెంటు వాళ్లు చుట్టుపక్కల చూసుకోవడానికి బాల్కనీలో పెట్టుకున్నది. దాని ముఖాన్ని దూరం నుంచే తిప్పి, చుట్టుపక్కల ఉన్న కీలక స్థావరాలు కనబడేలా పెట్టి, యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారట! రక్షణ వ్యవస్థ ఎక్కడినుంచి పేలుస్తోందో, క్షిపణి ఎక్కడ పడిందో శత్రువు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. యుద్ధం మొదలైనప్పటినుంచి అప్పటికి 10,000 దాకా అలాంటి కెమెరాలను ఆపించామని ఆ సంస్థే చెప్పింది. ఆ అపార్టుమెంటు వాళ్లకు దాచుకోవడానికి ఏమీ లేకపోవచ్చు. తమ ఇళ్ల చుట్టూ ఒక కన్నేసి ఉంచుదామని పెట్టుకున్నారంతే.

ఫోన్లూ అంతే. వ్యాయామం చేసేవాళ్లు తిరిగిన దారులన్నిటినీ కలిపి స్ట్రావా యాప్ వేసిన మెరిసే పటంలో, 2018 జనవరిలో ఒక విద్యార్థి ఎడారుల మధ్య రహస్య సైనిక స్థావరాల ప్రహరీలను గుర్తుపట్టాడు. సైనికులు ఉదయం పరుగెత్తిన దారులవి. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున, రష్యాలోని బెల్‌గొరొద్ దగ్గర సరిహద్దు వైపు గూగుల్ మ్యాప్స్‌లో ట్రాఫిక్ జామ్ కనిపించింది. పుతిన్ ప్రకటనకు ముందే కాలిఫోర్నియాలోని పరిశోధకుడు జెఫ్రీ లూయిస్ బృందం దాన్ని చూసి దండు కదిలిందని అర్థం చేసుకుంది. సైనికుల ఫోన్ల వల్ల కాదు, ట్యాంకులకు దారిచ్చి ఆగిన మామూలు జనం ఫోన్ల వల్ల ఆ ఎర్రగీత వచ్చి ఉంటుందని వాళ్ల ఊహ.

ఇక ఈ దాడులను తట్టుకుని నిలబడినవి ఏమిటని చూస్తే నాకు వింతగా అనిపిస్తుంది. అవన్నీ దాదాపు పాతకాలపువే. 2015 డిసెంబరు 23న పశ్చిమ ఉక్రెయిన్‌లో కరెంటు కంపెనీల ఆపరేటర్లు చూస్తుండగానే మౌస్ బాణం తనంతట తాను కదిలి, ఒక్కో సబ్‌స్టేషన్ బ్రేకర్‌ను ఆపుకుంటూ పోయింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. కొన్ని గంటల్లోనే తిరిగొచ్చింది, ఎందుకంటే సిబ్బంది వ్యానుల్లో వెళ్లి చేత్తో స్విచ్‌లు వేశారు. అంతా కంప్యూటర్‌కే అప్పగించిన ఆధునిక దేశంలో అది అంత సులువు కాదని అప్పుడే కొందరు అన్నారు. జీపీఎస్ సంగతీ అంతే. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల పైనుంచి పంపే సంకేతం నేలను చేరేసరికి ఎంత బలహీనమంటే, చిన్న జామర్ చాలు దాన్ని ముంచేయడానికి. 2024 వసంతంలో ఫిన్‌ఎయిర్ ఎస్టోనియాలోని తార్తూకు నెలరోజులు విమానాలు ఆపేసింది. అక్కడ దిగే పద్ధతి జీపీఎస్ మీదే ఆధారపడి ఉండటం వల్ల. జీపీఎస్ అక్కర్లేని పద్ధతి పెట్టుకున్నాకే మళ్లీ వెళ్లింది.

డ్రోన్ల కథ మరీ విచిత్రం. ఉక్రెయిన్ యుద్ధంలో కొన్ని వందల డాలర్ల ఎఫ్‌పీవీ డ్రోన్ (నడిపేవాడు దాని కెమెరా కంటితోనే చూస్తూ తోలేది) లక్షల డాలర్ల ట్యాంకును కాల్చేసింది. దాన్ని ఆపడానికి రేడియో జామర్లు వచ్చాయి. జామర్లను దాటడానికి 2024 నాటికి ఏం వచ్చిందో తెలుసా? తీగ! డ్రోన్ తన వెంట వెంట్రుకంత సన్నని ఫైబర్ దారాన్ని కిలోమీటర్ల కొద్దీ విప్పుకుంటూ ఎగురుతుంది. రేడియో లేదు కాబట్టి జామ్ చేయడానికి ఏమీ లేదు, దొంగచాటుగా వినడానికీ లేదు. తూర్పు ఉక్రెయిన్ పొలాలు ఆ దారాలతో సాలెగూళ్లలా మెరుస్తున్న ఫొటోలు చూశాను. తలుపునే లేకుండా చేసుకున్న ఆయుధం అది.

అయినా తలుపులన్నీ మూసుకుంటే చాలని నేననడం లేదు. 2024 సెప్టెంబరు 17న లెబనాన్‌లో హెజ్బొల్లా అనే సాయుధ సంస్థ వాడే పేజర్లు ఒక్కసారిగా పేలాయి. మర్నాడు వాకీటాకీలు. రెండు రోజుల్లో 30 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. వేలమందికి గాయాలు, ఎందరికో కళ్లు పోయాయి. తన అనుమతితోనే జరిగిందని ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు తర్వాత ఒప్పుకున్నాడు. హెజ్బొల్లా పేజర్లకు మారింది ఫోన్ల నిఘా భయంతోనే. నిఘాకు దొరకని వస్తువు కోసం వెతికేవాడికి, ఆ వస్తువునే తయారుచేసి అమ్మారు. ఎన్‌క్రిప్షన్ దీన్ని ఆపలేదు. హాని లేనట్టు కనిపించే చేతివస్తువుల్లో పేలుడు పదార్థం అమర్చకూడదని అంతర్జాతీయ ఒప్పందం ఉంది గానీ, కాగితం మీది నిషేధం ఆ బ్యాటరీల దాకా రాలేదు. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

పోలీసుల బాధను కూడా నేను కొట్టిపారేయను. పిల్లల్ని హింసించేవాళ్లు, మాదకద్రవ్యాల ముఠాలు ఎన్‌క్రిప్షన్ చాటున దాక్కుంటున్నది నిజం. అలాంటి నేరాన్ని రోజూ చూసే అధికారికి నా వాదన సోదిగా అనిపించొచ్చు. కాని వాళ్ల చేతులు పూర్తిగా కట్టేసిలేవు. 2020లో ఫ్రెంచి, డచ్ పోలీసులు నేరగాళ్లలో బాగా వాడుకలో ఉన్న ఎన్‌క్రోచాట్ అనే ప్రత్యేక ఫోన్ల నెట్‌వర్క్‌లోకి చొరబడి, నెలల తరబడి వాళ్ల సందేశాలు చదివారు. వేలమంది దొరికారు. ఆ పద్ధతి మీద కోర్టుల్లో చాలా వివాదాలు నడిచాయి, నడవాలి కూడా. కాని అది ఒక ఇంటి తాళం పగలగొట్టడం. చట్టం పెట్టి ప్రతి ఇంటికీ ఒకేలాంటి రెండో తాళంచెవి చేయించడం కాదు. ఈ తేడా దగ్గర నేను రాజీపడలేను. ఆ తాళంచెవుల గుత్తిని ఎక్కడ దాస్తారని అడిగితే ఇంతవరకు ఎవరూ నాకు నమ్మకం కలిగేలా చెప్పలేదు. ఎన్‌ఎస్‌ఏ తన సొంత ఆయుధాలనే దాచుకోలేకపోయింది మరి.

ఇదంతా వాడికి రాసి పంపాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు రాత్రి ఫోన్ చేసి, "సర్లే గానీ, నా రౌటర్ పాస్‌వర్డ్ మార్చడం ఎలారా?" అన్నాడు. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డే నాలుగేళ్లుగా ఉందట. వాడికి చూపించడం కోసం నా రౌటర్ సెట్టింగులు తెరిచాను. స్క్రీన్ పంచుకుని, ఇది ఇక్కడ, అది అక్కడ అని పెద్ద మాస్టారులా చెప్తూ కిందికి జరుపుతుంటే, బయటినుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో ఒక వరుస కనబడింది. రెండేళ్ల కిందట ఆఫీసు నుంచి ఇంట్లో కంప్యూటర్ చూసుకోవడానికి నేనే తెరిచింది. ఒక వారం పనికోసం.

లాగ్ తీసి చూశాను. ఆ ఒక్క రోజులోనే ఎక్కడెక్కడి చిరునామాలనుంచో ఆ పోర్టును తట్టినవాళ్ల వరుసలు పేజీలకు పేజీలు. "అవేంట్రా అన్ని వరుసలు?" అని అడిగాడు వాడు. నేను ముందు ఆ పోర్ట్ మూసి, తర్వాత జవాబు చెప్పాను.